తోటకూర పిలవకుండానే ఎందుకొస్తుంది?

ఒకప్పుడు ఏ మొక్కా తనంతట తాను చేలోకి వచ్చేది కాదు. పిలిస్తేనే వచ్చేది.

తొలకరి వాన పడగానే రైతులు చేను గట్టు మీద నిలబడి, "జొన్నా, రా! కందీ, రా! సజ్జా, రా!" అని కేకేసేవాళ్ళు. పేరు పెట్టి పిలిచిన మొక్కే మొలిచేది. పిలవని మొక్క గట్టు అవతలే ఆగిపోయేది. అందుకని ఆ రోజుల్లో కలుపు అనే మాటే లేదు. చేలో మొలిచిన మొక్కని ఎవరైనా పీకేస్తారని చెబితే జనం నమ్మేవాళ్ళు కాదు.

మరి పేరు లేని మొక్కలు ఎక్కడుండేవి? గుట్టల మీద, వాగుల పక్కన, దారుల అంచున, ఎక్కడ కాస్త చోటు దొరికితే అక్కడ.

అలాంటి మొక్క ఒకటి గుట్టకింద పల్లెలో సుంకులమ్మ ఇంటి వెనక పెంటదిబ్బ మీద ఉండేది. మెత్తటి ఆకులు, కొంచెం ఎర్రబారిన కాడ. ఏడాదికి ఆరంటే ఆరు గింజలు కాసేది. ఒక్కో గింజ కందిగింజంత ఉండేది. ఆరు గింజల్లో రెండు పిట్టలు తినేవి, రెండు కుళ్ళిపోయేవి, మిగిలిన రెండూ మొలిచేవి. అంతే దాని కుటుంబం.

ఆ మొక్కకి ఒక్కటే అలవాటు. ఏది చూసినా ఎందుకని కిందున్న నేలమ్మని అడిగేది.

"నేలమ్మా, ఆ బండ్లు ఎక్కడికి పోతున్నాయి?"

"చేలోకి."

"చేలో ఏముంది?"

"జొన్న ఉంది."

"జొన్ననే ఎందుకు పిలుస్తారు?"

"తింటారు కాబట్టి."

మొక్క తన మెత్తటి ఆకుల్ని చూసుకుంది. "నన్ను తినరా?"

"ఏమో," అంది నేలమ్మ. "నిన్నెవరూ ఇంతవరకూ తిని చూడలేదు."

ఆ మాట మొక్క మనసులో ఉండిపోయింది. అప్పటినుంచి పెంటదిబ్బ పక్కగా ఎవరు నడిచినా తల కొంచెం ముందుకు వంచేది. ఎవరూ దాని వైపు చూడలేదు.

ఇంతలో ఆ ప్రాంతానికి కరువొచ్చింది. ఒక ఏడు వాన సగమే పడింది. రెండో ఏడు మబ్బు వచ్చినట్టే వచ్చి గుట్ట దాటి వెళ్ళిపోయింది. సుంకులమ్మా, ఆమె భర్త మద్దిలేటీ గట్టు మీద నిలబడి గొంతు పోయేలా పిలిచారు.

"జొన్నా, రా!"

"తడి లేందే ఎలా రాను?" అంది జొన్న మట్టిలోంచి.

గాదెలో జొన్నలు అడుగంటాయి. మద్దిలేటి రోజూ పార భుజాన వేసుకుని వాగులో చెలమ తవ్వడానికి వెళ్ళేవాడు. సాయంత్రానికి రెండు కుండల నీళ్ళు తెచ్చేవాడు. సుంకులమ్మ పిడికెడు పిండిని ఇన్ని నీళ్ళలో కాచి ముగ్గురికీ పోసేది. మూడో మనిషి వాళ్ళ కూతురు ఎర్రక్క. దానికి ఏడేళ్ళు.

ఒక పొద్దున ఎర్రక్క ఇంటి వెనక నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా! మన మేక పెంటదిబ్బ మీద ఏదో తింటోంది!"

"మేక కదమ్మా, ఏదైనా తింటుంది."

"నిన్న కూడా తింది. మొన్న కూడా తింది. దానికేం కాలేదు. పైగా పాలు ఎక్కువిచ్చింది."

సుంకులమ్మ వెళ్ళి చూసింది. ఊరంతా ఎండిపోయి బూడిద రంగుకి తిరిగితే, పెంటదిబ్బ మీద ఆ మొక్క ఒక్కటే పచ్చగా ఉంది. ఇంట్లో కుండలు కడిగిన నీళ్ళు అక్కడే పారబోస్తారు. ఆ గుక్కెడు నీళ్ళతోనే అది, దాని పిల్లలు నాలుగు నిలబడ్డాయి.

"నేను తిని చూడనా?" అంది ఎర్రక్క.

"నువ్వు కాదు. నేను తింటాను. ఏమైనా అయితే నాకే అవ్వాలి."

"నీకేమైనా అయితే నాకు గంజి ఎవరు కాస్తారు?"

సుంకులమ్మ మొక్క ముందు వంగింది. నాలుగు ఆకులు తుంచి, ఉప్పేసి ఉడికించి, నోట్లో పెట్టుకుంది. గడప మీద కూర్చుంది. ఎర్రక్క ఎదురుగా గొంతుక్కూర్చుని తల్లి మొహంలోకే చూస్తోంది.

"కడుపులో ఏమవుతోందమ్మా?"

"ఏమీ అవ్వట్లేదు."

కాసేపయింది. "ఇప్పుడు?"

"ఏమీ లేదే."

ఎండ గడప దాటి వాకిట్లోకి పోయింది. "ఇప్పుడేమవుతోంది?"

"ఇంకాస్త తినాలనిపిస్తోంది," అంది సుంకులమ్మ. అనగానే ఆమెకి నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

ఆ రోజు ముగ్గురూ ఆకు ఉడికించుకుని తిన్నారు. చాలా రోజుల తర్వాత ఎర్రక్క గిన్నె నాకకుండా లేచింది. నాకడానికి లేక కాదు, కడుపు నిండి.

పెంటదిబ్బ మీద మొక్క మాత్రం తన తుంచిన కొమ్మల్ని తడుముకుంటోంది.

"నేలమ్మా, నన్ను తిన్నారు! నొప్పిగానే ఉంది. కానీ ఆ పిల్ల నవ్వింది. ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"అది నీ ఇష్టం."

"ఒక కొస తుంచితే రెండు కొసలు వెయ్యొచ్చా?"

"ఎవరొద్దన్నారు?" అంది నేలమ్మ.

మొక్క రెండు వేసింది. మర్నాడు ఆ రెండూ తుంచారు. నాలుగు వేసింది.

ఇంత పచ్చటి సంగతి ఊళ్ళో దాగుతుందా? ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గిన్నెలతో వచ్చారు. సుంకులమ్మ ఎవరినీ పొమ్మనలేదు. అందరి పిల్లలూ ఎర్రక్కలాగే ఉన్నారు, బుగ్గలు లోపలికి పోయి.

"ఇదేం కూర సుంకులమ్మక్కా?" అని అడిగారు వాళ్ళు.

సుంకులమ్మకి తెలిస్తే కదా. ఎర్రక్క గబుక్కున చెప్పింది. "ఇది మా తోట. మా తోటలో కూర."

ఎరువు కుప్పని తోట అనేసరికి అందరూ నవ్వారు. కానీ ఆ ఏడు ఊరు మొత్తానికి పచ్చగా ఉన్న తోట అదొక్కటే. అందుకని ఆ పేరే నిలిచింది. తోటకూర.

మొక్క తన పేరు తానే పదిసార్లు అనుకుని చూసుకుంది. తర్వాత లెక్క చూసుకుంది. ఊళ్ళో ఇరవై ఇళ్ళు. ఉన్నవి ఐదు మొక్కలు. మొక్కకి ఆరు గింజలు.

"నేలమ్మా, నా గింజలు ఇంత పెద్దగా ఎందుకున్నాయి?"

"మొదట్నుంచీ అంతే ఉన్నాయి."

"చిన్నవి చేస్తే ఎక్కువ అవుతాయా?"

"ఎంత చిన్నవి కావాలి?"

"నీకు చేతనైనంత."

నేలమ్మ ఒక్కో కందిగింజంత గింజనీ నలిపింది. ఇసుక రేణువుకన్నా సన్నగా అయ్యేదాకా నలిపింది. ఆరు గింజలు ఆరు వేలయ్యాయి, ఇంకా ఎక్కువే అయ్యాయేమో. పిట్టలకి కనబడకూడదని తన నల్లరేగడి రంగు వాటికి పూసింది. ఎండకి లోపలి తడి ఆరిపోకూడదని నున్నగా మెరుగు పెట్టింది. తోటకూర కంకి ఊపితే గింజలు జలజలా రాలి పెంటలో కలిసిపోయాయి.

మూడో ఏడు వాన కురిసింది. అంతా ఇంతా కాదు, వాగు పొంగేంత వాన. ఊళ్ళో వాళ్ళు వాకిళ్ళలో నిలబడి తడిశారు.

మద్దిలేటి పెంటదిబ్బని బండికెత్తి చేలోకి తోలాడు. చేనంతా చల్లాడు. ఇరుగుపొరుగు రైతులకీ తలా ఒక బండి ఇచ్చాడు. తర్వాత భార్యాభర్తలిద్దరూ గట్టు మీద నిలబడ్డారు.

"జొన్నా, రా! కందీ, రా!" అని పిలిచాడు మద్దిలేటి.

సుంకులమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండయ్యా. మన ప్రాణాలు నిలబెట్టిన దాన్ని పిలవొద్దా?"

"పిలువు. ఎంత వస్తుంది?"

"ఏముంది, నాలుగు మొక్కలు." సుంకులమ్మ నోటికి చేతులడ్డం పెట్టుకుని కేకేసింది. "తోటకూరా! నువ్వూ రా! ఎప్పుడైనా రా!"

పక్క చేలవాళ్ళూ అలాగే పిలిచారు.

తోటకూర గింజలకి ఆనందం పట్టలేదు. చెయ్యి పెట్టడానికి సందు లేనంత దగ్గరదగ్గరగా, ఒక్కసారిగా, వేలకి వేలు లేచి నిలబడ్డాయి.

నెల తిరిగేసరికి చేను చూసి మద్దిలేటికి అర్థం కాలేదు. మోకాలెత్తు పచ్చదనం. కొన్నిటికి అప్పుడే కంకి కూడా వచ్చింది. అంతా తోటకూరే.

"జొన్న ఏదే?" అన్నాడు.

సుంకులమ్మ ఆకులు పక్కకి తప్పించి చూసింది. అడుగున జొన్న ఉంది. పసుపు పచ్చగా, దారప్పోగులా ఉంది.

"సుంకులమ్మా," అంది జొన్న నీరసంగా. "ఇది చెడ్డది కాదు, నాకు తెలుసు. కానీ నేను గుక్కెడు తాగేలోపు ఇది కడివెడు తాగుతోంది. నా మీద ఎండ పడి పది రోజులైంది. ఇంకో పది రోజులైతే నేనుండను."

సుంకులమ్మ తోటకూర వైపు తిరిగింది. "నువ్వు కాస్త పక్కకి జరగవా తల్లీ?"

"ఎక్కడికి జరగను? నాకు కాళ్ళు లేవు కదా."

"ఇంతమంది ఎందుకొచ్చారు?"

"నువ్వు పిలిచావని. ఎంతమంది రావాలో నువ్వు చెప్పలేదు," అంది తోటకూర. దాని గొంతులో తప్పు చేసినట్టు లేదు. నిజంగానే దానికి తెలియదు.

మద్దిలేటి గట్టు మీద కూర్చుండిపోయాడు. "సుంకులమ్మా, ఆకు నాలుగు నెలలుంటుంది. సంకటి ఏడాదంతా కావాలి. ఏం చేస్తావో నువ్వే చెప్పు. పిలిచింది నువ్వు."

సుంకులమ్మ జొన్న సాలు వైపు నడిచింది. తర్వాత చీరకొంగు నడుముకి చుట్టి, వంగి, ఒక తోటకూర మొక్కని వేరుతో సహా పీకింది. పుట్టి బుద్ధెరిగి ఎవరూ చేలో మొక్కని పీకలేదు. అదే మొదలు.

మొక్క "అమ్మా!" అంది. సుంకులమ్మ వినిపించుకోలేదు. వింటే చెయ్యి ఆగిపోతుందని ఆమె భయం. రెండోది పీకింది, మూడోది పీకింది. మూడు రోజులు భార్యాభర్తలిద్దరూ వంచిన నడుం ఎత్తలేదు. పీకినవన్నీ గట్టు మీద కుప్పలుగా పారేశారు. మిగతా రైతులూ అదే పని చేశారు.

ఎర్రక్క ఆ కుప్పల పక్కన నిలబడింది. ఆకులు ఎండకి వాడిపోతున్నాయి.

"అమ్మా, ఇది మన తోట కదా?"

"ఇంటికి పోయి నీళ్ళు తీసుకురా," అంది సుంకులమ్మ, అటు చూడకుండా.

కుప్పల మీద పడి ఉన్న తోటకూర చివరి ఊపిరితో కంకులు విదిల్చింది. గింజలు చేలోకి రాలాయి.

"నేలమ్మా," అంది. "రమ్మన్న మనిషే పీకి పారేసింది. ఎందుకు?"

నేలమ్మ రాలిన గింజల్ని మెల్లగా పొదువుకుంది.

"నా గింజల్ని లోపల దాచు. ఎంత వాన పడినా లేపొద్దు. నేనిక రాను."

"సరే," అంది నేలమ్మ. గింజలన్నిటినీ మట్టి మడతల్లో దాచేసింది.

చేను శుభ్రమైంది. జొన్న పది రోజుల్లో పచ్చబడింది, ఇరవై రోజుల్లో నడుమెత్తు లేచింది. మద్దిలేటి మొహంలో కళ వచ్చింది.

కానీ కోతలకి ఇంకా రెండు నెలలుంది. గాదె ఖాళీ. కరువు నాటి ఆకలి అందరికీ గుర్తుంది కానీ, వానలొచ్చాక పంట చేతికొచ్చేదాకా ఇంకో ఆకలి ఉంటుందని ఎవరికీ తట్టలేదు. చుట్టూ పచ్చటి పైరు. కుండలో ఏమీ లేదు.

సుంకులమ్మ పెంటదిబ్బ దగ్గరికి పోయింది. అక్కడ దిబ్బే లేదు. గట్టు మీది కుప్పలు ఎండి పొడైపోయాయి. ఊళ్ళో ఏ ఇంటి వెనకా, ఏ చేలోనూ ఒక్క తోటకూర ఆకు లేదు. మేక కూడా వట్టిపోయింది.

ఎర్రక్కకి జ్వరం తగిలింది. లేచి నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి. అయినా ఏడవలేదు. "అమ్మా, ఆకు లేదా?" అని ఒక్కసారి అడిగింది. లేదని చెబితే మళ్ళీ అడగలేదు. ఆ పిల్ల ఏ మాటైనా పదిసార్లు అడుగుతుంది. అడగడం మానేసరికి సుంకులమ్మకి భయం వేసింది.

పిల్లని మద్దిలేటికి అప్పగించి, ఎర్రటి ఎండలో చేలోకి నడిచింది. జొన్న సాళ్ళ మధ్య మోకాళ్ళ మీద కూర్చుంది.

"తోటకూరా," అని పిలిచింది.

మట్టిపెళ్ళని వేలితో కదిపి చూసింది.

"తోటకూరా, రా తల్లీ."

మట్టిలో ఏదీ కదల్లేదు.

సుంకులమ్మ రెండు చేతులూ నేలకానించింది. "నిన్ను పీకడం తప్పని నేననను. అబద్ధం చెప్పడానికి రాలేదు. జొన్న చచ్చిపోతుంటే చూస్తూ కూర్చోలేను. కానీ పీకిన నిన్ను తీసుకెళ్ళి గట్టు మీద పారేశాను చూడు, అది తప్పు. నా పిల్ల అడుగుతున్నా నీ వంక చూడలేదు, అది ఇంకా తప్పు. నీ మొహం చూడటానికి నాకు సిగ్గేసింది."

గాలి జొన్న ఆకుల్ని కదిలించి పోయింది. మట్టి లోపల తోటకూర గింజలు బిగదీసుకుని ఉన్నాయి. కానీ తోటకూరకి అడగకుండా ఉండటం ఎంతసేపని చేతనవుతుంది?

"మళ్ళీ వస్తే మళ్ళీ పీకుతావా?" అని సన్నగా అడిగింది.

సుంకులమ్మ ఉలిక్కిపడింది. "పీకుతాను," అంది.

"పారేస్తావా?"

"పారెయ్యను. ఒళ్ళో వేసుకుని ఇంటికి తీసుకెళ్తాను. పొయ్యి మీద పెడతాను. పిల్లకి పెడతాను."

"ఎప్పుడైనా రమ్మన్నావు. ఆ మాట వెనక్కి తీసుకుంటావా?"

"తీసుకోను."

తోటకూరకి జొన్న గుర్తొచ్చింది. "జొన్న ఏమంటుంది మరి?"

పైనుంచి జొన్న వంగి చూసింది. "ఇప్పుడు నా తల పైకి లేచింది. ఎండకి లోటు లేదు. సాళ్ళ మధ్య కాసిని ఉంటే నాకేం? రానీ."

"నేలమ్మా," అంది తోటకూర. "మనుషులు మాట మరిచిపోతారా?"

"కడుపు నిండితే ఒక్కోసారి మరిచిపోతారు," అంది నేలమ్మ.

"అయితే అందర్నీ ఒకేసారి లేపొద్దు. కొన్ని గింజల్ని ఇప్పుడు లేపు. కొన్నిటిని వచ్చే వానకి. కొన్నిటిని ఆ పై ఏటికి. ఒకసారి వచ్చిన వాళ్ళని వీళ్ళు పారేసినా, ఇంకొందరు లోపల ఉండాలి. ఈ మనుషుల పిల్లలు ఆకు అడిగినప్పుడు లేదనిపించుకోకూడదు."

నేలమ్మ అలాగే చేసింది. ఆ సాయంత్రం జల్లు పడింది. నాలుగో రోజుకి జొన్న సాళ్ళ మధ్య ఎర్రటి కాడలు, బుల్లి బుల్లి ఆకులు లేచాయి. ఏడో రోజుకి సుంకులమ్మ చిన్నచిన్న మొక్కల్ని వేళ్ళతో సహా పీకి, ఒడి నిండా కట్టుకుని ఇంటికి పరుగెత్తింది. ఉప్పేసి ఉడికించి, ఆ రసం చెంచాతో ఎర్రక్క నోట్లో పోసింది.

ఎర్రక్క మింగింది. ఇంకో చెంచా మింగింది. మూడు రోజులు పోయాక లేచి గోడకి ఆనుకుని కూర్చుంది.

"అమ్మా, జొన్న పిలిస్తే వస్తుంది కదా. ఇదేమో మనం పీకినా ఎందుకొచ్చింది?" అంది.

సుంకులమ్మ పిల్లని దగ్గరికి లాక్కుని తల నిమిరింది. ప్రశ్న వినగానే ఆమెకి ధైర్యం వచ్చింది.

కోతల దాకా ఊరు ఊరంతా సాళ్ళలో తోటకూర పీక్కుంటూ, తింటూ గడిపింది. ఆ ఏడు జొన్నలు గాదె నిండా వచ్చాయి.

అప్పటినుంచే తోటకూరని ఎవరూ పిలవక్కర్లేదు. దున్ని వదిలితే చాలు, విత్తనం వెయ్యకుండానే వస్తుంది. నువ్వుగింజ పక్కన పెడితే నలుసులా కనబడే దాని నల్లటి గింజ ఏళ్ళ తరబడి మట్టిలో కళ్ళు మూసుకుని ఉండి, తన వంతు వచ్చినప్పుడు లేస్తుంది. ఒక కొస తుంచితే రెండు కొసలు వేస్తుంది. ఈ ఏడు మొత్తం పీకేశామని రైతు చేతులు దులుపుకుంటాడు, మళ్ళీ వాన పడగానే సాలు పొడుగునా తల ఎత్తి నిలబడుతుంది. పొద్దున్నే చేలో దాన్ని చూసి "మళ్ళీ వచ్చావా!" అని విసుక్కుంటూ పీకిన మనిషే, మధ్యాహ్నం ఇంట్లో పీట మీద కూర్చుని, "ఆ తోటకూర ఇంకాస్త వెయ్యి," అంటూ కంచం ముందుకి జరుపుతాడు.